మూడో పట్టా వేస్తే సరిపోదు

సంపాదకులకు,

హైదరాబాద్ నుంచి బెంగళూరుకూ చెన్నైకీ హైస్పీడ్ రైలు అన్న మాట మొదలైనప్పటి నుంచి నలుగురు కూర్చున్న చోటల్లా ఒక సలహా వినబడుతోంది. "కొత్త స్టేషన్లు ఎందుకండీ? సికింద్రాబాద్‌లో ఉన్న లైన్లలోనే ఇంకో పట్టా వేస్తే రెండు రకాల బండ్లూ అక్కడికే వస్తాయి కదా!" పట్టాల పనిలో ముప్పై ఏళ్లకు పైగా గడిపినవాణ్ణి కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

గేజ్ అంటే రెండు పట్టాల మధ్య దూరం. మన మామూలు రైళ్ల బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు. ముంబై-అహ్మదాబాద్ బుల్లెట్ రైలుది స్టాండర్డ్ గేజ్, అంటే 1435. తేడా 241. మీటరుకు 60 కిలోలు తూగే పట్టాకు కింది భాగం వెడల్పే 150 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒక వైపు పట్టా రెండు రకాల బండ్లకూ ఒకటే అనుకున్నా, రెండో వైపు అలాంటివి రెండు పక్కపక్కన పెడితే వాటి కింది భాగాల మధ్య మిగిలేది తొమ్మిది సెంటీమీటర్లు. ఆ సందులోనే రెండు పట్టాలనూ బిగించి పట్టే లైనర్లూ, పాండ్రోల్ క్లిప్పులూ ఇమడాలి, రోజూ లైను చూసుకునే కీమ్యాన్ సుత్తి ఆడాలి. బంగ్లాదేశ్‌లో వేశారుగా అంటారు. అక్కడ బ్రాడ్ గేజ్‌తో కలిపింది మీటర్ గేజ్‌ను, అంటే 1000 మిల్లీమీటర్లదాన్ని, తేడా 676. అక్కడ మనిషి కూర్చుని పని చేసుకోవచ్చు.

పైగా ఇవి చెక్క స్లీపర్ల (పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెల) రోజులు కావు, బెజ్జం వేసి ఇంకో పట్టా బిగించడానికి. కాంక్రీటు స్లీపరు పోసేటప్పుడే క్లిప్పులు తగిలించే ఇనుప ఇన్సర్టులు లోపల పెట్టేస్తారు. మూడో పట్టా అంటే కిలోమీటరుకు 1660 స్లీపర్లు తీసి కొత్తవి వెయ్యాలి. సరే, తిన్నటి లైను మీద ఎలాగో వేశామనుకుందాం. యార్డులో మాత్రం బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే మామూలు పాయింటుకు ఒక క్రాసింగ్ (పట్టా పట్టాను దాటే చోటు) చాలిన దగ్గర మూడు కావాలి. బండి కుదుపూ అక్కడే, అరుగుదలా అక్కడే, రాత్రి బ్లాకు తీసుకుని, అంటే బండ్లు ఆపించి, మరమ్మతు చేసేదీ అక్కడే. ఊపిరాడని సికింద్రాబాద్ యార్డులో ఆ బ్లాకు ఎవరిస్తారు?

ఇక ప్లాట్‌ఫారం. బుల్లెట్ రైలు ప్లాట్‌ఫారం పట్టా మీద నుంచి 125 సెంటీమీటర్ల ఎత్తు. మన మామూలు స్టేషన్లవి దాదాపు 84. గేజ్ మారితే బండి నడిమధ్య గీత కూడా 12 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. అంచు ఏ బండికని కడతాం?

స్పెయిన్‌కు మనలాంటి ఇబ్బందే, వాళ్ల బ్రాడ్ గేజ్ 1668. వాలెన్సియా, కాస్టెల్యోన్ మధ్య మూడో పట్టా వేసి 2018లో హైస్పీడ్ బండి నడిపారు. కాబట్టి అసాధ్యం అనను. కానీ మూడో పట్టా లేకుండానే రెండు గేజ్‌ల మీదా నడిచేలా, కదులుతూనే చక్రాల మధ్య దూరం మార్చుకునే టాల్గో బండ్లు అదే దేశంలో 1969 నుంచీ ఉన్నాయి.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు గుంతకల్లులో ఇంకా మీటర్ గేజ్ ఉండేది. హుబ్లీ వైపు బండి దిగినవాళ్లు ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని, చంకలో పిల్లతో, వంతెన మెట్లెక్కి బ్రాడ్ గేజ్ మెయిల్ కోసం పరుగెత్తేవాళ్లు. ఒకసారి ఒక పెద్దాయన సగం మెట్ల మీదే కూలబడిపోతే నేనూ ఒక హమాలీ కలిసి ఎత్తి కిందికి దించాం. ఈలోగా మెయిల్ వెళ్లిపోయింది. ఆయన్ను బాధపెట్టింది గేజ్ కాదు, ఆ మెట్లు.

అందుకే, కొత్త స్టేషన్ ఎక్కడో కడితే బండి మారడం కష్టమవుతుందన్న, ఆ సలహా చెప్పేవాళ్ల భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోను. సూరత్‌లో బుల్లెట్ స్టేషన్ ఊరి బయట అంత్రోలిలో పెట్టారు. అహ్మదాబాద్‌లో పాత ప్లాట్‌ఫారాల నెత్తినే పెట్టారు. మన దగ్గర రెండో పద్ధతి కావాలని ఇప్పుడే, సర్వే కాగితాల మీద ఉండగానే అడగాలి. కింద పాత లైన్లు, పైన కొత్తవి, మధ్యలో లిఫ్టులు, ఎస్కలేటర్లు. మూడో పట్టాకు పోసే డబ్బు వాటికి పెట్టమనండి.

- ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, గుంతకల్లు