గుండె ఆపరేషన్‌కు ముందు ఇన్సులిన్ సంగతి కూడా చెప్పండి

సంపాదక మహాశయులకు,

రక్తం గడ్డకట్టకుండా చూసే మందులంటే రక్తస్రావం గురించే అందరూ భయపడతారు. మత్తులో ఉన్న రోగి రక్తపోటు మీద ఆ మందులూ, వాటి విరుగుడూ చూపే ప్రభావం గురించి మీ ఆరోగ్య పేజీలో రాయించాలని మత్తు వైద్యుడిగా కోరుతున్నాను.

బైపాస్ వంటి గుండె ఆపరేషన్లలో రక్తాన్ని, గుండె, ఊపిరితిత్తుల పని తాత్కాలికంగా చేసే యంత్రంలోకి మళ్లించే ముందు, అది గొట్టాలలో గడ్డకట్టకుండా, సాధారణంగా కిలో బరువుకు 300 నుంచి 400 యూనిట్ల హెపారిన్ ఇస్తాము. అంత మోతాదు ఒకేసారి ఇచ్చినప్పుడు రక్తనాళాలు కొంత వ్యాకోచించి బీపీ తగ్గవచ్చు. మత్తుమందుల వల్ల నాళాలు అప్పటికే సడలి ఉంటాయి గనుక మేము సిద్ధంగానే ఉంటాము, చాలావరకు తేలికగానే సరిదిద్దుతాము.

అంతకన్నా ఆందోళన కలిగించేది యంత్రం ఆపాక హెపారిన్‌కు విరుగుడుగా ఇచ్చే ప్రొటమిన్. సాల్మన్ వంటి చేపల వీర్యం నుంచి తయారయ్యే ఈ ప్రొటీన్‌ను తొందరపడి ఎక్కిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. కొందరిలో తీవ్రమైన అలర్జీ వస్తుంది. అరుదుగానైనా ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుపోయి, గుండె కుడి భాగం ఆ భారానికి తట్టుకోలేని స్థితి ఏర్పడుతుంది. అందుకే మానిటర్ మీదినుంచి చూపు తిప్పకుండా నెమ్మదిగా, కనీసం పది నిమిషాలపాటు ఇస్తాము.

ఈ అలర్జీ ముప్పు ఎవరికి ఎక్కువో ముందే తెలుసుకునే వీలుంది. గతంలో ప్రొటమిన్ తీసుకున్నవారు, అంటే ముఖ్యంగా ఇదివరకు గుండె ఆపరేషన్ అయినవారు, చేపలు పడనివారు ఆ సంగతి చెప్పాలి. ఎన్.పి.హెచ్. ఇన్సులిన్‌లోనూ, కదిపితే పాలలా తెల్లబడే చాలా మిశ్రమ ఇన్సులిన్లలోనూ ప్రొటమిన్ ఉంటుందని వాటిని ఏళ్ల తరబడి వాడుతున్నవారికి ఎవరూ చెప్పరు. వారు "షుగరుకు సూది వేసుకుంటాను" అని ఊరుకోకుండా ఆ సీసానో పెన్నునో వెంట తెచ్చి మత్తు డాక్టరుగారికి చూపించాలి. ఇది చదివి భయపడి ఇన్సులిన్ గానీ, రక్తం పల్చబరిచే మాత్రలు గానీ ఎవరూ సొంతంగా మానకూడదు. లోహపు వాల్వు ఉన్నవారికి ఆ మాత్రలు ఆపడం ప్రాణాంతకం కావచ్చు.

ఆసుపత్రులకూ ఒక విన్నపం. రోగికి ప్రొటమిన్ ఇచ్చారా, ఇస్తే ఏమైనా ఇబ్బంది వచ్చిందా అన్నది డిశ్చార్జి కాగితంలో తెలుగులో ఒక వాక్యం రాసి ఇస్తే, పదేళ్ల తరువాత మరో ఊళ్లో అదే రోగికి మత్తు ఇచ్చే వైద్యుడికి అది ఎంతో ఉపయోగపడుతుంది.

ఇట్లు,
ఒక మత్తు వైద్యుడు,
వరంగల్