కాల్ సెంటర్‌కి డిగ్రీ కావాలా అక్కర్లేదా, ఆ ముక్క ప్రకటనలోనే వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా, పాతపట్నం దాటగానే మేమే. మీ పేపర్ మా దాకా వచ్చేసరికి కాస్త ఆలస్యం అవుద్ది గానీ ఉద్యోగాల పేజీ మాత్రం టీ కొట్టు దగ్గర చేతులు మారి మారి నలిగిపోతుంది. ఆ పేజీ గురించే ఈ ఉత్తరం. నేను హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్‌లో ఏజెంట్‌గా చేరి టీమ్ లీడర్ అయ్యాను, ఇప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి మళ్ళీ అమ్మానాన్నల దగ్గరే ఉంటూ కొత్తవాళ్ళకి ఆప్స్ రౌండ్, అంటే పని చేయించుకునే మా టీమ్ వాళ్ళే చేసే ఇంటర్వ్యూలు కూడా ఇక్కణ్ణించే చేస్తున్నాను. అందుకని వీధిలో ఎవరెదురైనా ఇదే గోల. పిల్లలేమో "అప్పా, ప్లస్ టూతోనే బండెక్కేస్తే చాలదా, ప్లస్ త్రీ ఎందుకు దండగ" అంటారు, వాళ్ళ అమ్మలేమో "డిగ్రీ చేయించాం కదమ్మా, మరి మావోణ్ణి ఎందుకు తీసుకోలేదు" అంటారు.

ఆంధ్రా వైపు పాఠకులకి తెలీకపోవచ్చు, ఇక్కడ ఇంటర్‌ని ప్లస్ టూ అంటారు, డిగ్రీ ప్లస్ త్రీ. మా గుంటలు రెజ్యూమేలో కూడా "ప్లస్ త్రీ ఆర్ట్స్" అనే రాసేస్తారు, అక్కడ కొత్తగా చేరిన హెచ్ఆర్ పిల్లకి అదేంటో అర్థం కాదు, పక్కన పడేస్తుంది. బీఏ అనో బీకాం అనో రాయండర్రా అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

సరే, లోపల ఏం జరుగుద్దో చెప్తాను. మొదట హెచ్ఆర్ ఫోన్ చేసి ఏ ఊరు, ఏయే భాషలొచ్చు, నైట్ షిఫ్ట్ ఓకేనా, ఎప్పుడు జాయినవుతావు అని అడుగుతుంది, చదువు దగ్గర గ్రాడ్యుయేటా అండర్ గ్రాడ్యుయేటా అని ఒక టిక్ పెట్టుకుంటుంది, అంతే. ఆ తర్వాత ఇంగ్లీష్ ప్రాసెస్ (ఒక్కో క్లయింట్ కంపెనీ తరఫున చేసే పనిని ప్రాసెస్ అంటారు) అయితే వెర్సాంట్ లాంటి టెస్ట్ ఉంటుంది, హెడ్‌సెట్ పెట్టుకుని వాక్యాలు చదవాలి, విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి, మార్కులు కంప్యూటరే వేసేస్తుంది, దానికి నీది ఏ యూనివర్సిటీయో అక్కర్లేదు. టైపింగ్ టెస్ట్ ఒకటి. ఆ తర్వాత నా దగ్గరికొస్తారు, నేను కస్టమర్‌లా కోపంగా మాట్లాడతాను, డబ్బులు రెండుసార్లు కట్ అయ్యాయి ఏం చేస్తావు అంటాను. నేను చూసేది ఏంటంటే అవతలి మనిషి చెప్పేది పూర్తిగా వింటున్నాడా మధ్యలో దూరిపోతున్నాడా, తెలీనిది తెలీదు ఒక్క నిమిషం చూసి చెప్తాను అంటాడా లేకపోతే "రేపటికల్లా వచ్చేస్తాయి సార్" అని నోటికొచ్చిన మాట ఇచ్చేస్తాడా. ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాస్ పిల్ల నా కోపానికి బెదిరిపోయి సారీ సారీ అంటూ ఆగిపోయింది, అదే రోజు ప్లస్ టూ చదివిన కిరాణా కొట్టాయన కొడుకు నన్ను చల్లబరిచి అకౌంట్ నంబర్ అడిగి రాసుకున్నాడు. ఎవరిని తీసుకోమంటారు చెప్పండి? అప్పు బేరాలు, చిల్లర గొడవలు చూస్తూ పెరిగినోడికి కస్టమర్ అంటే భయం ఉండదు, ఏ కాలేజీలోనూ అది సిలబస్‌లో పెట్టలేదు.

ఇంగ్లీష్ ప్రాసెస్‌లో మనోళ్ళు ఎక్కువ పోయేది యాస దగ్గర. ట్రైనర్లు దాన్ని ఎంటీఐ అంటారు, అంటే సొంత భాష వాసన అన్నమాట. ఒడియా బళ్ళో చదువుకున్నందుకు వెరిఫికేషన్ అనాల్సింది బెరిఫికేషన్ అయిపోతుంది, ఇంట్లో తెలుగు కాబట్టి కార్డు బిల్లు నంబరు అని ప్రతీదాని చివరా ఒక ఉకారం తగిలిస్తారు, రెండు భాషల సొగసూ ఒకే నోట్లో అన్నమాట. ఇది రోజూ గట్టిగా చదివి రికార్డ్ చేసుకుని వింటే తగ్గుతుంది. మూడేళ్ళ డిగ్రీలో ఒక్క రోజు కూడా క్లాసులో నోరు తెరిచి ఇంగ్లీష్‌లో మాట్లాడించని చోట, పట్టా ఉన్నా ఇంటర్వ్యూలో లాభం ఏముంది.

కానీ డొమెస్టిక్ ప్రాసెస్ (మన దేశంలో కస్టమర్లతోనే మాట్లాడే పని) దగ్గరికొస్తే కథే వేరు, మా బోర్డర్ పిల్లల బలం అక్కడుంది, వాళ్ళకే తెలీదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీ దయ వల్ల హిందీ. హైదరాబాద్‌లో తెలుగు హిందీ వచ్చినవాళ్ళు బోలెడుమంది, ఒడియా కూడా గడగడా మాట్లాడేవాడు దొరకాలంటే హెచ్ఆర్ వాళ్ళు వెతుక్కోవాల్సిందే. అలాంటిది మనోళ్ళు రెజ్యూమేలో ఒడియా అని రాయడమే మానేస్తారు, అదేదో చిన్నతనం అన్నట్టు, దాని బదులు కాలేజీలో ఎప్పుడో చేసిన పోస్టర్ ప్రెజెంటేషన్ గురించి రాస్తారు. భాషల గడిలో మూడూ రాయండి, ఏది మాట్లాడతారో ఏది చదివి రాయగలరో విడివిడిగా రాయండి. ఎందుకంటే ఒడియా మీడియంలో చదివిన మన పిల్లలు చాలామందికి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు, ఫోన్లో మాట్లాడే వాయిస్ ప్రాసెస్‌కి ఫర్వాలేదు గానీ తెలుగులో చాట్ చెయ్యాల్సిన ప్రాసెస్‌లో వేస్తే మొదటి వారమే దొరికిపోతారు. ఇంకో మాట, మన తెలుగు విని విజయవాడ కస్టమరో వరంగల్ కస్టమరో "ఏ ఊరు మీది" అని నవ్వితే కంగారు పడక్కర్లేదు, నన్నూ అడిగారు, ఇప్పటికీ అడుగుతారు.

ఇక డిగ్రీ ఎక్కువైపోయిన బాధ ఒకటుంది, ఇది బయటివాళ్ళకి నమ్మబుద్ధి కాదు. చాలా ప్రకటనల్లో బీటెక్ వాళ్ళు, పీజీ వాళ్ళు అప్లై చెయ్యొద్దు అని ఉంటుంది. కారణం సింపుల్, కంపెనీ జీతమిచ్చి వారాల తరబడి ట్రైనింగ్ ఇస్తుంది, ఫ్లోర్ మీదకొచ్చి నాలుగు కాల్స్ ఎత్తేలోగా ఈ అబ్బాయికి సాఫ్ట్‌వేర్‌లో ఆఫర్ వస్తుంది, బ్యాగ్ సర్దుకుని పోతాడు. మా వైపు పర్లాకిమిడి, గుణుపురం రెండు చోట్లా ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి కాబట్టి బీటెక్‌లకి కొదవ లేదు, వాళ్ళేం చేస్తున్నారంటే బీటెక్ దాచేసి ప్లస్ టూ అని చెప్పి లోపలికొస్తున్నారు. నా మాట వినండి, ఇది వద్దు. నాలుగేళ్ళు ఏం చేశావు అంటే ఏదో ఒకటి అల్లాలి, రేపు అదే కంపెనీలో పై పోస్ట్ పడితే "నాకు బీటెక్ ఉంది" అని చెప్పుకోలేవు. కంపెనీల భయం నాకర్థమైంది గానీ, వెళ్ళిపోయేవాడు ప్లస్ టూ అయినా వెళ్ళిపోతాడు, వెళ్ళిపోవడానికి నైట్ షిఫ్ట్ చాలు, బీటెక్ అక్కర్లేదు. ఆ రూల్ తీసేస్తే మంచిదని నా అభిప్రాయం, నన్నెవరడుగుతారు లెండి.

ఇంత చెప్పాను కదాని ప్లస్ త్రీ మానేసి వచ్చెయ్యండి అంటున్నానని అనుకోవద్దు, అసలు నేను చెప్పాలనుకున్నది దానికి ఉల్టా. గేటు దాటించేది నోరే గానీ, లోపలికెళ్ళాక రెండేళ్ళకి డిగ్రీ అడుగుతారు. ఐజేపీ అని లోపలే ప్రమోషన్లకి పోస్టులు వేస్తారు, క్వాలిటీ, ట్రైనర్, టీమ్ లీడర్ ఇలా, మా దగ్గర చాలావాటికి "గ్రాడ్యుయేషన్ తప్పనిసరి" అని ఉంటుంది. నాకంటే బాగా మాట్లాడే అబ్బాయిలు ఆ ఒక్క లైను దగ్గర ఆగిపోయి అదే సీట్లో అదే హెడ్‌సెట్‌తో ఉండిపోయారు. ఇంటర్నేషనల్ ప్రాసెస్‌లలో కొన్ని మొదట్లోనే డిగ్రీ అడుగుతాయి. బ్యాంకు బాకీల వసూలు వైపు వెళ్ళేవాళ్ళకి డీఆర్ఏ (డెట్ రికవరీ ఏజెంట్) అని ఐఐబీఎఫ్ అనే బ్యాంకింగ్ శిక్షణ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ ఉంది, ఆ ట్రైనింగ్ డిగ్రీ లేనివాళ్ళకి 100 గంటలు, డిగ్రీ ఉంటే 50 గంటలు. అన్నిటికంటే ముఖ్యం, ఈ ఉద్యోగం జీవితాంతం చేసేవాళ్ళు తక్కువ, గొంతూ నిద్రా రెండూ అరిగిపోతాయి, అప్పుడు బయటికొచ్చి ఐబీపీఎస్ వాళ్ళ బ్యాంకు క్లర్క్ పరీక్ష రాద్దామంటే డిగ్రీ కావాలి, రిజర్వేషన్ సడలింపు లేనివాళ్ళకి వయసు 28 దాటకూడదు, ఎన్ని లక్షల కాల్స్ ఎత్తావో అక్కడెవరూ లెక్కెయ్యరు.

అన్నిటికంటే చెడ్డది సగం డిగ్రీ. రెండు పేపర్లు బ్యాక్‌లాగ్ పెట్టుకుని, సర్టిఫికెట్ చేతికి రాక, "పర్స్యూయింగ్" అని రాసుకుని తిరిగేవాళ్ళు. పరీక్షలకి సెలవు పెడతాడని కంపెనీ తీసుకోదు, తీసుకున్నా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ప్రొవిజనల్ సర్టిఫికెట్ అడిగితే ఉండదు. డిగ్రీ ఉందని చెప్పి చేరి తర్వాత చూపించలేకపోతే పంపించేస్తారు, ఆ మచ్చ తర్వాత కంపెనీలో కూడా వెంటాడుద్ది. నిజంగా ప్లస్ టూ అయితే ప్లస్ టూ అనే చెప్పండి, డొమెస్టిక్ వాయిస్‌కి అది చాలుతుంది. కేంద్ర ప్రభుత్వం 2014లో పెట్టిన డీడీయూ జీకేవై (దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన) స్కీమ్‌లో కూడా పల్లెల్లో పేదింటి పిల్లలకి, 15 నుంచి 35 ఏళ్ళ వాళ్ళకి, డొమెస్టిక్ వాయిస్ కోర్సు డిగ్రీ అడక్కుండానే నేర్పారు. ఆ రెండు పేపర్లూ మాత్రం దయచేసి రాసెయ్యండి.

ఇంట్లో డబ్బుల్లేక ముందే చేరాల్సొస్తే దూరవిద్య ఉంది. ఇగ్నో 1985 నుంచి ఉంది, సంబల్‌పూర్‌లో ఒడిశా స్టేట్ ఓపెన్ యూనివర్సిటీ 2015లో వచ్చింది, తెలంగాణ వైపున్నవాళ్ళకి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ 1982 నాటిది. గుర్తింపు ఉన్న చోట దూరవిద్యలో చేసిన డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో స్పష్టంగా చెప్పింది, కాకపోతే ఆ కోర్సుకి ఆ ఏడాది అనుమతి ఉందో లేదో యూజీసీ సైట్‌లో చూసుకోండి, "మూడేళ్ళ డిగ్రీ మూడు నెలల్లో" అన్నవాడి దగ్గరికి వెళ్ళకండి, వెరిఫికేషన్‌లో ఆ కాగితం ఒక్క మెయిల్‌కి కూడా నిలబడదు. చదువుకోవాలనుకుంటే షిఫ్ట్ కూడా చూసి ఎంచుకోండి. న్యూయార్క్‌లో పొద్దున్న 9 అంటే మనకి సాయంత్రం 6:30, నవంబర్‌లో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పాక 7:30, అక్కణ్ణించి తెల్లారేదాకా పని, పగలు పుస్తకం తెరిస్తే నిద్ర ముంచుకొస్తుంది. లండన్ ప్రాసెస్ అయితే మధ్యాహ్నం 1:30కో 2:30కో మొదలై రాత్రికి అయిపోతుంది, పొద్దున్నంతా మనదే.

ఊళ్ళో ఉండి చేసుకోవడం కూడా ఇప్పుడు కుదురుతుంది. కాల్ సెంటర్ల మీద టెలికాం శాఖ రూల్స్ 2020 నవంబర్‌లో, మళ్ళీ 2021 జూన్‌లో సడలించింది, అందుకే నాలాంటివాళ్ళు ఇంటి దగ్గర కూర్చున్నారు. దీనికి కంపెనీలు డిగ్రీ కంటే ముందు మంచి ఇంటర్నెట్, యూపీఎస్, చప్పుడు లేని గది అడుగుతాయి. వానాకాలం మా కరెంట్ సంగతి తెలిసినోళ్ళకి ఇందులో ఏది కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

ఇక మీ పేపర్‌తో నా పని. ఉద్యోగాల పేజీలో "కాల్ సెంటర్‌లో ఖాళీలు, ఆకర్షణీయమైన జీతం, ఏదైనా అర్హత" అని రెండు లైన్లు, ఒక సెల్ నంబర్ వేస్తున్నారు. ఆ ఏదైనా అర్హత నమ్మి ఇక్కణ్ణించి పలాస దాకా పోయి రిజర్వేషన్ లేకుండా జనరల్‌లో నిలబడి సికింద్రాబాద్‌లో దిగితే అక్కడ "బీటెక్కా, వద్దు", "బ్యాక్‌లాగ్ ఉందా, వద్దు", "తెలుగు రాయడం రాదా, ఇది చాట్ ప్రాసెస్ బాబూ" అంటున్నారు. రానూపోనూ ఖర్చు, లాడ్జి, తిండి అన్నీ పోతాయి, ఇంటికొచ్చాక తండ్రి తిట్లు అదనం. ప్రకటన తీసుకునేటప్పుడే ఈ వివరాలు అడగండి, డిగ్రీ తప్పనిసరా కాదా, బ్యాక్‌లాగ్ ఉంటే తీసుకుంటారా, బీటెక్ పీజీ వాళ్ళు రావచ్చా, ఏ భాష, మాట్లాడటమా రాయడమా, ఏ షిఫ్ట్, మొదటి రౌండ్ ఫోన్‌లో చేస్తారా. నాలుగు లైన్లు పెరుగుతాయి, ప్రకటన ఇచ్చేవాడు ఆ నాలుగు లైన్లకీ డబ్బులు కడతాడు కదా.

రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్ అడిగే కన్సల్టెన్సీల ప్రకటనలు అసలు వెయ్యకండి, నిజమైన కాల్ సెంటర్ చేర్చుకోవడానికి డబ్బులు అడగదు. విదేశాల్లో డేటా ఎంట్రీ, టైపింగ్ వస్తే చాలు అనేవాటిని ఇంకా గట్టిగా చూడండి. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసులో మన ఉత్తరాంధ్ర కుర్రాళ్ళని అలాగే తీసుకెళ్ళి సైబర్ మోసాలు చేయించారు. ఆన్‌లైన్‌లో డబ్బులు పోగొట్టుకున్నవాళ్ళు ఫోన్ చెయ్యాల్సిన 1930 నంబర్ ఆ పేజీ కిందనే రోజూ వేస్తే బాగుంటుంది.

వీలైతే ఆదివారం సంచికలో బోర్డర్ జిల్లాల ఉద్యోగాలకి ఒక కాలమ్ ఇవ్వండి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వాళ్ళం చాలామందిమే ఉన్నాం, ఆంధ్రా పేజీలోనూ మా కబుర్లుండవు, ఒడియా పేపర్లోనూ ఉండవు. ఏ ప్రాసెస్‌లో ఏం అడుగుతారో నాకు తెలిసినంత వరకు రాసిపెడతాను, దానికి డబ్బులేం ఇవ్వక్కర్లేదు.

ఇట్లు,
ఒక టీమ్ లీడర్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా.