గట్టు మీదుగా వెళ్లే మనిషి

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

తల్లీ,

దేవుడు నిన్ను దీవించును గాక. ఇక్కడ అందరం క్షేమం. యేసు ప్రభువు నేర్పిన ప్రార్థనలో, ఋణస్థులను క్షమించామనే మాట దగ్గర నోరు పెగలడం లేదని నిన్న ఫోనులో అన్నావు. ఫీజు కోసం దాచుకున్న డబ్బు తీసుకుని తిరిగి ఇవ్వని ఆ స్నేహితురాలు గుర్తొస్తోందన్నావు. నాకూ అక్కడే నోరు ఆగిన రోజులున్నాయి. నీకెప్పుడూ చెప్పలేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు నువ్వు బడిలో ఉన్నావు. కొండల మీద జీడిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. ఆ నెలంతా సవర గిరిజనుల ఊళ్ల నుంచి దిగి వచ్చినవాళ్లకు బియ్యం, పప్పు, ఉప్పు అరువిచ్చాను. చింతపండో పసుపో తెచ్చి అయినా చాలామంది తీర్చేశారు. ఒకాయన తీర్చలేదు. పదకొండు వేల పైచిలుకు. ఆయనా విశ్వాసే, తన ఊరి సంఘంలో ఇదే ప్రార్థన సవరలో చేస్తారు. రెండేళ్ల తర్వాత చూస్తే, మన వీధి మానేసి మహేంద్రతనయ నది గట్టు మీదుగా చుట్టు తిరిగి సంతకు వెళ్తున్నారు. నాకు జాలి కలగలేదు, కోపమే వచ్చింది.

రోజూ కొట్టు తెరిచే ముందు ప్రార్థన చేసుకుంటాను కదా. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము." లూకా సువార్తలో 'పాపములు' అని ఉంది. మత్తయిలో ఉన్నది ఋణమే. అరువు బేరం చేసేవాడు ఆ మాటను దాటిపోలేడు. గల్లాపెట్టె మీద చెయ్యి ఆనించి ఆ మాట పలుకుతున్నాను, పెట్టెలో ఖాతా పుస్తకం, అందులో ఆయన పేరు చుట్టూ నేను గీసిన ఎర్ర సిరా గీత! పైగా 'క్షమించియున్న' అంటున్నాను, ఆ పని ఎప్పుడో అయిపోయినట్టు.

మత్తయి 18వ అధ్యాయంలో తోటి దాసుడి గొంతు పట్టుకున్నవాడికి రావలసింది నూరు దేనారాలు. దేనారం అంటే ఆ కాలంలో ఒక రోజు కూలి. నూరు రోజుల కష్టం, తల్లీ. ప్రభువు దాన్ని కొద్దిపాటి సొమ్ము అనలేదు. రాజు వాడికి క్షమించిన పదివేల తలాంతుల కొండంత అప్పు పక్కన పెట్టి చూపించాడు, అంతే. నీ నష్టం చిన్నదని నేనూ అనను.

చివరికి ఆ పద్దు కొట్టేశాను. మనసు తేలికపడింది, నాకు మాత్రమే. ఆయనకు ఆ సంగతి తెలియదు కాబట్టి ఇంకా గట్టు మీదుగానే నడుస్తున్నారు! అది తట్టడానికి నాకు నెల పట్టింది. ఒక సంత రోజు గట్టు మీదికే ఎదురు వెళ్లి, వచ్చీరాని సవరలో, మిగతాది ఒడియాలో చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నారు. మరుసటి వారం మన కొట్టు ముందు ఆగి, డబ్బిచ్చి ఉప్పు కొనుక్కుని వెళ్లారు.

ఫీజు డబ్బు రేపు పంపుతాను, దిగులు పడకు. నీ డబ్బు నువ్వు అడగడం తప్పు కాదు, ఆ అమ్మాయికి మళ్లీ అప్పివ్వాలనీ లేదు. అయితే, నిన్ను చూడగానే ఆ అమ్మాయి కంచం తీసుకుని వేరే బల్లకు వెళ్లిపోతోందని చెప్పావు చూడు, అప్పటి నుంచి నా కళ్ల ముందు ఆ గట్టే కదులుతోంది.

నాన్న