పోస్టర్లు బళ్లోనే వేయించండి

సంపాదకులకు నమస్కారం.

పిల్లల ప్రాజెక్టు వర్కు చివరికి అమ్మానాన్నల నెత్తినే పడుతోందని మనవాళ్లు మొత్తుకోవడం వింటూనే ఉన్నాం. ఈ బాధ మన ఊళ్లకే పరిమితం కాదు. మేం ఉద్యోగరీత్యా చైనాలో, షాంఘైకి దగ్గర్లోని సుజౌలో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడి బడిలోనే మూడో తరగతి చదువుతోంది. వారాంతం వస్తే ఇక్కడి తల్లులు పడే టెన్షన్ చూశాక ఈ ఉత్తరం రాయాలనిపించింది.

ఇక్కడి బళ్లలో 'షౌచావ్‌బావ్' అని ఒక పని ఇస్తారు. మన గోడపత్రికకు చుట్టమే అనుకోండి. ఏ3 కంటే కాస్త చిన్న డ్రాయింగ్ షీటు మీద రంగుల్లో శీర్షిక, చుట్టూ అంచు, ఒక పక్క బొమ్మ, మిగతా గళ్లలో చేత్తో రాసిన విషయం ఉండాలి. పండగ వచ్చినా, ట్రాఫిక్ నియమాలు నేర్పాలన్నా ఇదే. ఈసారి చైనా జాతీయాల వెనకున్న కథలు వేసుకు రమ్మన్నారు. వీటిని 'చెంగ్‌యు' అంటారు. చాలావాటికి నాలుగే అక్షరాలు. శుక్రవారం సాయంత్రం టీచరమ్మ వీచాట్ (ఇక్కడి వాట్సాప్ లాంటిది) గ్రూపులో మెసేజ్ పెడుతుంది, సోమవారానికి షీటు తేవాలి. 'అందింది టీచర్' అంటూ తల్లిదండ్రులంతా వరసగా జవాబు పెడతారు. ఇక ఆ పని వాళ్లదే.

టావ్‌బావ్‌ అనే ఆన్‌లైన్ దుకాణంలో ఇందుకోసం బొమ్మల ఆకారంలో కన్నాలు కోసిన అట్టలు అమ్ముతారు, పెన్సిల్ తిప్పుకుంటే చాలు. ఆ ఓపిక కూడా లేకపోతే అవుట్‌లైన్ అచ్చేసిన షీటే దొరుకుతుంది. మా అమ్మాయి క్లాసు బయట గోడకి అంటించినవాటిలో ఎక్కువభాగం చెట్టు మొద్దు పక్కన కుందేలు కోసం కాచుకున్న రైతు కథే. వాళ్ల మూడో తరగతి వాచకంలో ఉన్న పాఠం అది. ఏ షీటు చూసినా అదే గడ్డి టోపీ, అదే కుందేలు, రైతు అదే చేతిమీద గడ్డం ఆనించి కూర్చుని ఉంటాడు. ఒక్కదాంట్లో మాత్రం రైతు మొద్దులో సగం కూడా లేడు. మెడ విరిగిన కుందేలు నాలుక బయటపెట్టి వెల్లకిలా పడుంది. శీర్షికలో నాలుగో అక్షరానికి చోటు చాలక కిందికి జారిపోయింది. అది పిల్లలెవరో సొంతంగా వేసిందని ఎవరూ చెప్పక్కర్లేదు. నక్షత్రం స్టిక్కర్లు మాత్రం అచ్చు బొమ్మలకే పడ్డాయి.

నాకు అంతకంటే బాధ కలిగించింది 'నీతి' గడి. కథేమిటంటే, పాతకాలపు చైనాలోని సోంగ్ రాజ్యంలో ఒక రైతు పొలంలో చెట్టు మొద్దు ఉంది. పరుగెత్తుకొచ్చిన కుందేలు దానికి కొట్టుకుని చచ్చింది. అప్పనంగా దొరికింది కదా అని రైతు దున్నడం మానేసి ఆ మొద్దు దగ్గరే కూర్చున్నాడు. రెండో కుందేలు రానే లేదు, దేశమంతా నవ్వింది. పోస్టర్లన్నిటి మీదా నెట్‌లోంచి దించిన ఒకటే వాక్యం: కష్టపడకుండా ఫలితం ఆశించకూడదు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఈ కథ రాసిన తత్వవేత్త హాన్ ఫెయ్ ఉద్దేశం వేరు. పాతకాలపు రాజుల పద్ధతులతోనే ఇప్పటి జనాన్ని ఏలుదామనుకునేవాళ్లు ఆ మొద్దు దగ్గర కూర్చున్నవాడిలాంటివాళ్లేనన్నాడాయన. పాలకులకు పెట్టిన చురక కాస్తా సోమరిపోతుల పాఠమై కూర్చుంది. అన్నట్టు, త్వరగా ఎదగాలని నారుమొక్కల్ని పైకి లాగి ఎండబెట్టిన మనిషి కథ మెన్షియస్ అనే మరో పాతకాలపు తత్వవేత్త చెప్పాడు. వాడిదీ సోంగ్ రాజ్యమే. బుద్ధిలేనివాళ్లంతా ఆ ఒక్క రాజ్యంలోనే ఎందుకు పుట్టారో పిల్లలకు అనుమానం రావాలి కదా! మా అమ్మాయి అడిగింది మాత్రం ఇంకొకటి: "మరి ఆ మొదటి కుందేల్ని వండుకుని తిన్నాడా?" అచ్చు షీటులో ఆ ప్రశ్నకు గడి లేదు.

ప్రభుత్వానికి ఇదంతా తెలియక కాదు. తల్లిదండ్రులకు హోంవర్కు ఇవ్వకూడదని, వేరే పేరు పెట్టి కూడా ఇవ్వకూడదని 2021 ఏప్రిల్‌లో చైనా విద్యాశాఖ ఆదేశించింది. ఆ జులైలో హోంవర్కు, ట్యూషన్ల బరువు తగ్గించాలంటూ 'రెండు భారాల తగ్గింపు' విధానం వచ్చింది. ఒకటి, రెండు తరగతులకు రాత హోంవర్కు వద్దని, మూడు నుంచి ఆరు దాకా సగటున రోజుకు గంట దాటకూడదని చెప్పింది. మా బడిలో పోస్టరును హోంవర్కు లెక్కలోనే వేయరు. 'యాక్టివిటీ' అంటారు, అంతే.

మన దగ్గర మాత్రం? రెండో తరగతి దాకా హోంవర్కు వద్దని, మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలే ఇవ్వాలని 2020 స్కూల్ బ్యాగ్ పాలసీలో రాసుకున్నాం. రాత్రిపూట స్టేషనరీ షాపుకెళ్లి బొమ్మల చార్టులు కొని, కత్తిరించి అంటించే అమ్మానాన్నలకు ఆ సంగతి తెలుసో లేదో.

పోస్టర్లు వద్దని నేననను. కథ మొత్తం చదివి నాలుగు ముక్కల్లో రాయడం, కాగితం మీద చోటు కొలుచుకోవడం, ఏది రాయాలో ఏది వదిలేయాలో తేల్చుకోవడం మంచి చదువే. పెద్దలు వేసిపెడితే అవన్నీ పెద్దలకే వస్తాయి.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలకు నా మనవి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి సామెతల చార్టులు వేయిస్తే, వాటికి బళ్లోనే రెండు పీరియడ్లు ఇవ్వండి. షీట్లు, స్కెచ్ పెన్నులు బడే ఇవ్వాలి. బహుమతుల గొడవ లేకుండా అన్ని చార్టులూ గోడకు పెట్టాలి. అక్షరదోషాలుంటే టీచరు పక్కన పెన్సిల్‌తో దిద్దాలి గానీ, మళ్లీ నీటుగా వేయించుకు రమ్మని ఇంటికి పంపకూడదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సుజౌ, చైనా