ఉగాదికి ఆ కుర్చీలు ఒక గంట పక్కకి జరపండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన సోమవారం మీ బెంగళూరు పేజీలో సల్సా అనే జంట నాట్యం పండగ ఫోటో ఒకటి వేశారు. కింద 'చిందేసిన యువత' అని రాశారు. ఆ ఫోటోలో కుడిపక్క చివర, స్తంభం దగ్గర, నీలం చుడీదార్‌లో వెనక్కి తిరిగి కనిపించేది నేనే. నా వయసు 48. నాకు ఎదురుగా తెల్లచొక్కాలో ఉన్నాయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఫోటో వేసినందుకు చాలా సంతోషం, కత్తిరించి దాచుకున్నాను కూడా. కానీ 'యువత' అన్న మాట చదివినవాళ్ళు, ఇది మనకి సంబంధించింది కాదులే అనుకుని పేజీ తిప్పేస్తారు. అలా తిప్పేయకూడదనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది కదిరి దగ్గర పల్లె. పెళ్ళయి బెంగళూరు వచ్చి 23 ఏళ్ళు. రామమూర్తి నగర్‌లో ఉంటాం. ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. రెండేళ్ళ కిందట మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం సాయంత్రాలు సల్సా క్లాసు పెడితే మా అమ్మాయిని చేర్పించాను. అది చదువుకోవడానికి వేరే ఊరు వెళ్ళిపోయింది. దాని బదులు నేను వెళ్ళాను, ఇప్పటికీ వెళ్తున్నాను. పోటీల్లోకి దిగాలనీ, స్టేజీ ఎక్కాలనీ లేదు. ఆడటం ఇష్టం.

ఇలాంటి పండగలు 1997లో కరీబియన్ దీవి ప్యూర్టో రికోలో సల్సా కాంగ్రెస్ పేరుతో మొదలై ఎన్నో దేశాలకు పాకాయి. ఎక్కడైనా పద్ధతి దాదాపు ఒకటే. పగలు క్లాసులు, రాత్రి ప్రదర్శనలు, అవి అయ్యాక తెల్లవారుజాము దాకా 'సోషల్'. సోషల్ అంటే పాటలు వస్తుంటాయి, ఎవరికి ఎవరితో ఆడాలనిపిస్తే వాళ్ళని అడిగి ఆడతారు. స్టేజీ ఉండదు. గోడ పక్కన కూర్చున్నవాళ్ళు కూడా ఊపిరి తీసుకోవడానికి కూర్చున్నవాళ్ళే.

శనివారం పదకొండింటి క్లాసుకి ఎనభై మందిదాకా వచ్చాం. హోటల్ హాలు కార్పెట్ మీద చెక్క పలకలు పరిచారు. జంటలుగా, గుండ్రంగా నిలబడ్డాం. నడిపించేవాళ్ళని లీడ్ అంటారు, అందుకునేవాళ్ళని ఫాలో అంటారు. రెండు మూడు నిమిషాలకోసారి మాస్టారు 'రొటేట్' అంటే ఫాలోలందరం ఒక మనిషి పక్కకి జరుగుతాం. ఆ గంటలో ఇరవై మంది చేతులు పట్టుకుని ఉంటాను. చెమట పట్టిన చెయ్యి, ఏసీకి చల్లబడిన చెయ్యి, గట్టిగా బిగించిన చెయ్యి. పట్టుకోగానే ఆ మనిషి టెన్షన్‌లో ఉన్నాడా, నిమ్మళంగా ఉన్నాడా తెలిసిపోతుంది.

సల్సాకి ఎనిమిది లెక్క. ఒకటి, రెండు, మూడుకి అడుగులు పడతాయి, నాలుగు దగ్గర ఆగుతాం. అయిదు, ఆరు, ఏడుకి మళ్ళీ అడుగులు, ఎనిమిది దగ్గర ఆగుతాం. నేను పెదాల మధ్య తెలుగులోనే లెక్కపెట్టుకుంటాను. అది విని ఎదురుగా ఉన్న కుర్రాడు, "మేడమ్, మీరు తెలుగువాళ్ళా?" అన్నాడు. వాళ్ళది గుడివాడ పక్క ఊరట. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. "ఇక్కడికొస్తున్నట్టు అమ్మకి చెప్పలేదండి, ట్రెక్కింగ్ అన్నాను" అన్నాడు. "ఎందుకు నాన్నా?" అనేలోపు మాస్టారు రొటేట్ అన్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర వెతికి పట్టుకున్నాను. "మీ అమ్మ వయసుదాన్నే నేను. ఇద్దరం ఒక ఫోటో దిగుదాం, ఈవిడ కూడా వచ్చిందని పంపు" అన్నాను. దిగాం. పంపాడో లేదో తెలియదు. పంపి ఉంటే ఆ తల్లికి నా నమస్కారాలు.

ఆ క్లాసులో నాకు ఒక దెబ్బ తగిలింది, మంచి దెబ్బే. మాస్టారు నా దగ్గర ఆగి, "మీరు ముందే తిరిగేస్తున్నారు. ఆయన చెయ్యి పైకి లేచేదాకా ఆగండి" అన్నారు. మళ్ళీ చేశాను, మళ్ళీ ముందే తిరిగాను. ఎదుటివాళ్ళు అడక్కముందే చేసిపెట్టడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు. ఇంట్లోనూ, ఆఫీసులోనూ దానికే మెచ్చుకుంటారు. సల్సాలో అది పనికిరాదు. బరువు రెండు కాళ్ళ మీదా పంచుకుని నిలబడితే ఎటు వెళ్ళాలో శరీరానికి తెలియదు. ఒక కాలి మీదే నిలబడి, రెండో కాలు ఖాళీగా ఉంచుకుని, కబురు వచ్చేదాకా వేచి ఉండాలి. సాయంత్రం అయిదింటికి ఒక్కసారి సరిగ్గా కుదిరింది. చెయ్యి లేచింది, దాని కిందనుంచి తిరిగాను, ఏడు లెక్కకి కాలు నేల మీద ఉంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టాల్సిన అవసరమూ లేదు.

ఆదివారం ఉదయం క్యూబా నుంచి వచ్చిన మాస్టారు క్లాసు. అడుగులేమీ నేర్పకుండా సంచీలోంచి రెండు కర్రలు తీశారు. జానెడు పొడుగు, బొటనవేలికన్నా కాస్త లావు. వాటిని క్లావే అంటారు. ఆ స్పానిష్ మాటకి కీలకం అనే అర్థం ఉంది. ఒక కర్రని గుప్పిట సగం మూసి, లోపల బోలుగా ఉండేట్టు వేళ్ళ మీద ఆనించి, రెండోదాంతో కొట్టారు. ముందు మూడు దెబ్బలు కాస్త ఎడంగా, తర్వాత రెండు దెబ్బలు దగ్గరగా. కాంగా, బాంగో అనే డప్పులు, పియానో, బేస్ అన్నీ ఈ అయిదు దెబ్బలకి కట్టుబడే నడుస్తాయని చెప్పారు. కర్రలు చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చాయి. కొట్టగానే నాకు మా ఊరు రామాలయం అరుగు కళ్ళ ముందుకి వచ్చింది.

మా నాన్న చెక్కభజన జట్టులో ఉండేవారు. పగలు శెనక్కాయ చేను, రాత్రి చెక్కలు. కదిరి నరసింహస్వామి తేరుకి, శ్రీరామనవమికి జట్టు కదిలేది. కాళ్ళకి గజ్జెలు, చేతుల్లో ఇత్తడి బిళ్ళలు బిగించిన చెక్కలు. గుండ్రంగా తిరుగుతూ, గురువు ఒక చరణం పాడితే జట్టంతా అందుకునేది. అందులో మంగలిపని చేసేవాళ్ళున్నారు, బడిపంతులున్నాడు, అరవై దాటినవాళ్ళున్నారు. కొత్త పిల్లలు తలొంచుకుని అడుగులు చూసుకుంటుంటే నాన్న, "కాలు సూడొద్దురా, సెవి పెట్టు" అనేవారు. ఆ క్యూబా మాస్టారు ఇంగ్లీషులో మాకు చెప్పింది కూడా అదే. నేలకేసి చూడకండి, కర్ర దెబ్బ వినండి అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్న పోయి ఆరేళ్ళయింది.

ఇక సోషల్. బయటివాళ్ళకి ఎక్కువ అనుమానం దీని మీదే ఉంటుంది. ఎవరైనా వచ్చి చెయ్యి చాపి, "ఆడదామా?" అంటారు. ఇష్టమైతే లేస్తాం, లేకపోతే "ఇప్పుడు వద్దండీ" అంటాం. కారణం చెప్పక్కర్లేదు. వాళ్ళు నవ్వి వెళ్ళిపోతారు. పాట నాలుగైదు నిమిషాలు. అయ్యాక "థాంక్యూ" చెప్పి చెయ్యి వదిలేస్తారు. ఆడవాళ్ళు కూడా అడగొచ్చు. మొదటి గంట నేను అడగలేకపోయాను. తర్వాత పది మందిని అడిగాను, ఒకాయన అలిసిపోయానన్నారు, మిగతా తొమ్మిది మందితో ఆడాను. అడగడం, వద్దనడం, వద్దంటే విని నొచ్చుకోకపోవడం ఇంత తేలిగ్గా జరిగే చోటు నా జీవితంలో ఇంకోటి చూడలేదు.

చేదు కూడా ఉంది, దాచను. శనివారం రాత్రి ఒకతను అడక్కుండా నన్ను నడుము దగ్గర పట్టి వెనక్కి వంచాడు. మెడ పట్టేసింది. పాట మధ్యలోనే ఆపి, "ఇలా చెయ్యొద్దు" అని గట్టిగా చెప్పి వచ్చేశాను. పక్కన ఆడుతున్న ఒకావిడ చూసి, నిర్వాహకుల్లో ఒకరిని పిలుచుకొచ్చింది. వాళ్ళు అతనితో మాట్లాడారు, అతను వచ్చి క్షమాపణ చెప్పాడు. చెప్పకుండా మనిషిని వంచకూడదని మొదటి క్లాసులోనే నేర్పాలి. ఇంకోటి, తొమ్మిదికి మొదలవ్వాల్సిన ప్రదర్శనలు పదకొండుకి దగ్గరపడ్డాక మొదలయ్యాయి. ఆఖరి మెట్రో పోయింది. ఒంటరిగా వచ్చే ఆడవాళ్ళు ఎందరో ఉంటారు, టైము అంటే టైమే ఉండాలి.

ఆ రాత్రి క్యూబా గాయని సీలియా క్రూజ్ పాట ఒకటి వచ్చింది. మధ్యలో ఆమె 'అసూకర్!' అని అరుస్తుంది, హాలంతా ఆమెతోపాటు అరిచింది. ఆ మాటకి అర్థం చక్కెర. క్యూబాలో చెరకు తోటల కోసం ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ డప్పులు, స్పెయిన్ గిటార్లు కలిసిన సంగీతం ఇది. తర్వాత పొట్ట చేత పట్టుకుని న్యూయార్క్ వెళ్ళిన క్యూబా, ప్యూర్టో రికో వాళ్ళు దాన్ని వెంట తీసుకెళ్ళారు. అక్కడ బ్రాడ్‌వేలో పల్లాడియం అనే డాన్సు హాలు ఉండేది, 1966లో మూతపడింది. టీటో పుయెంటె లాంటివాళ్ళు వాయిస్తుంటే నల్లవాళ్ళు, ఇటలీవాళ్ళు, యూదులు, ప్యూర్టో రికోవాళ్ళు ఒకే నేల మీద ఆడారు. పగలంతా పని చేసి వచ్చినవాళ్ళు. 1964లో మొదలైన ఫానియా రికార్డ్స్ అనే పాటల రికార్డుల కంపెనీ ఆ సంగీతాన్ని సల్సా పేరుతో లోకమంతా తిప్పింది. ఊరు వదిలి వచ్చినవాళ్ళు పరాయి ఊళ్ళో పెంచుకున్న ఆట ఇది.

మనమూ ఊరు వదిలి వచ్చినవాళ్ళమే. బెంగళూరులో తెలుగువాళ్ళం కలిసేది ఉగాదికి. పోయిన ఉగాదికి మా వైపు ఒక తెలుగు సంఘం వేడుకకి వెళ్ళాను. పంచాంగ శ్రవణం, ప్రసంగాలు, శాలువాలు, పిల్లల కూచిపూడి, పిల్లల సినిమా డాన్సులు, భోజనం. పిల్లలు కష్టపడి నేర్చుకుని ఆడారు, వాళ్ళని చూడటం సంతోషమే. మేం పెద్దవాళ్ళం నాలుగు గంటలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని సెల్‌ఫోన్‌లో వీడియోలు తీశాం. ఒక్కరం కాలు కదపలేదు. మా అమ్మ సంక్రాంతికి గొబ్బెమ్మల చుట్టూ తిరిగి గొబ్బి తట్టేది, మా అత్తయ్య కోలాటానికి ముందుండేది. వాళ్ళనెవరూ కూర్చుని చూడమనలేదు. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో తెలంగాణ ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతుంటే చూసి ముచ్చట పడతాను, వాళ్ళు వదల్లేదు. రాయలసీమ వాళ్ళం, కోస్తా వాళ్ళం ఎందుకు వదిలేశామో నాకు అర్థం కాదు.

సంఘాల పెద్దలకి నేను అడిగేది ఒక్కటే. వచ్చే ఉగాదికి భోజనాలకి ముందు ఒక గంట ఆ కుర్చీలన్నీ గోడ పక్కకి జరపండి. మైకులో ప్రసంగం వద్దు. కోలాటం కర్రలు కొన్ని తెప్పించండి, వచ్చినవాళ్ళు ఆడతారు, రానివాళ్ళు పక్కవాళ్ళని చూసి పట్టుకుంటారు. ఎవరికైనా సల్సా అడుగులు కావాలంటే ఆ ఎనిమిది లెక్క నేను చూపిస్తాను. డబ్బులేమీ వద్దు. ఆరు పదులు దాటినవాళ్ళు మోకాళ్ళ నొప్పులని వెనకాడకండి, ఆ రైల్వే పెద్దాయన మోకాలికి పట్టీ వేసుకుని చిన్న చిన్న అడుగులతో రెండు రాత్రులూ ఆడారు.

ఇంకో మాట కూడా వేస్తే మేలు. కదిరి, రాయచోటి, పులివెందుల వైపు నుంచి వచ్చి బెంగళూరులో ఉంటున్నవాళ్ళలో చెక్కభజన అడుగులు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే ముందుకి రండి. చిన్నప్పుడు ఆడపిల్లనని నన్ను జట్టులో కలుపుకోలేదు. చూసినవి కొన్ని గుర్తున్నాయి, అన్నీ గుర్తులేవు. నాన్న చెక్కలు రెండు జతలు నా దగ్గరే ఉన్నాయి. ఒక జతకి బిళ్ళలు వదులయ్యాయి, పోయిన వారం శివాజీనగర్‌లో బాగు చేయించాను. ఉగాదికి తెస్తాను. కుర్చీలు జరపడానికి కూడా అరగంట ముందే వస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రామమూర్తి నగర్, బెంగళూరు