నాలుగో స్థానమూ చెప్పుకోదగినదే

సంపాదకునికి,

విలువిద్యలో నార్వే పేరు మన పత్రికల్లో అరుదుగా కనిపిస్తుంది. పతకాల పట్టిక మాత్రమే చూసేవారికి, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఆ దేశపు విలుకాడు బెర్టిల్ మార్టినస్ గ్రోవ్ సాధించినదేమిటో తెలిసే వీలే లేదు. ఇద్దరేసి ఎదురెదురుగా తలపడి, ఓడినవారు వెనుదిరిగే పద్ధతిని ఒలింపిక్ విలువిద్యలో తొలిసారి ప్రవేశపెట్టిన ఆ పోటీల్లో ఆయన సెమీఫైనల్ దాకా వచ్చి, అక్కడ దక్షిణ కొరియాకు చెందిన చుంగ్ జే హున్ చేతిలో, ఆపై కాంస్యం కోసం జరిగిన పోరులో బ్రిటన్‌కు చెందిన సైమన్ టెర్రీ చేతిలో ఓడి, నాలుగో స్థానంలో నిలిచారు.

2024 పారిస్‌లో మన బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్ జోడీ కూడా మిక్స్‌డ్ టీమ్ పోటీలో సరిగ్గా అక్కడే ఆగినప్పుడు నాకు గ్రోవ్ గుర్తొచ్చారు. ఒలింపిక్స్ ఫలితాలు ప్రచురించేటప్పుడు నాలుగో పేరును కూడా చేర్చవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ