మేజర్ ఫారం నింపే ముందు నా మాటొకటి

అమ్మలూ,

నిన్న రాత్రి నీ బిజినెస్ డిగ్రీలో మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, ఏది ఎంచుకోవాలని మాట్లాడుకుంటూ నువ్వు ఫోన్‌లో "అందరూ ఫైనాన్సే తీసుకుంటున్నారు నాన్నా, నేనూ అదే పెట్టేస్తా" అన్నప్పుడు సరే చూద్దాంలే అని పెట్టేశాను గానీ, ఆ తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో ఇలాంటివి నాకు సరిగ్గా చెప్పడం రాదు, నీకు తెలుసుగా. అందుకే రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు నా సంగతి. నీ వయసులో నేనూ ఫైనాన్సే రాసిచ్చాను. కారణం ఏమీ లేదు, నా పక్కన కూర్చున్నవాడు అదే రాశాడు. చదువయ్యాక చేరిన ఉద్యోగం పేరు మాత్రం గొప్పగా ఫైనాన్షియల్ అడ్వైజర్, చేసేది పొద్దున్నుంచి సాయంత్రం దాకా ముక్కూ మొహం తెలియని వాళ్ళకి ఫోన్లు చేసి పాలసీలు అమ్మడం. నెలాఖరు దగ్గర పడితే టార్గెట్ టెన్షన్‌తో కడుపులో తిప్పేది. అదే పనిని హాయిగా చేసేవాళ్ళు నా పక్క సీట్లోనే ఉండేవాళ్ళు, వాళ్ళకి కొత్తవాళ్ళతో మాట్లాడడం ఇష్టం, నాకేమో నరకం. రెండేళ్ళకి బయటపడి, అకౌంటింగ్ పరీక్షలు మొదట్నుంచీ రాసుకుని, నాకంటే చిన్నవాళ్ళ పక్కన ట్రైనీగా కూర్చున్నాను. చేరకముందే ఎవరైనా "ఆ ఉద్యోగంలో మామూలు రోజు ఎలా గడుస్తుందో కనుక్కున్నావా" అని ఒక్కమాట అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. నిన్ను నేను అడిగేదీ అదే.

అకౌంటింగ్‌తో మొదలుపెడతాను, నా బతుకంతా అదే కాబట్టి. నువ్వు ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు ఒక రాత్రి నేను కాగితాలన్నీ టేబుల్ మీద పరుచుకుని కూర్చుంటే నువ్వొచ్చి పెన్సిల్ పట్టుకున్నావు, గుర్తుందా? సరిసమానం కావాల్సిన డెబిట్లకీ క్రెడిట్లకీ 630 తేడా వచ్చింది. 630ని 9 భాగిస్తుంది కాబట్టి ఎక్కడో రెండంకెలు తారుమారై ఉండొచ్చు వెతుకు అన్నాను. అరగంటకి దొరకబట్టావు, 5,810 ఉండాల్సిన చోట 5,180 పడింది. ఆ తేడా సున్నా అయిన క్షణం ఉంది చూడు, ఇన్నేళ్ళయినా నాకు ఆ ఆనందం తగ్గలేదు. అది కలిగేవాళ్ళకి ఈ చదువు బంగారం. ఆడిట్‌లోకి వెళ్ళొచ్చు, పన్నుల వైపు వెళ్ళొచ్చు, ఫ్యాక్టరీలో వస్తువుకి ఎంత ఖర్చవుతోందో తేల్చే కాస్ట్ అకౌంటింగ్ ఉంది, మోసాలు పట్టుకునే ఫోరెన్సిక్ పని ఉంది. కాకపోతే డిగ్రీ ఒక్కటీ సరిపోదు. ఉన్న దేశాన్ని బట్టి సీపీఏనో, సీఏనో, ఏసీసీఏనో, ఇలా అకౌంటెంట్లకి ఇచ్చే అర్హత ఏదో ఒకటి ఉండాలి. ఒక్క ఏసీసీఏకే 13 పరీక్షలు, పైన మూడేళ్ళ పని అనుభవం. ఏడాది లెక్కలు ముగించే రోజుల్లో ఇంటికి ఆలస్యంగా రావడం నువ్వు చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నావు.

ఏఐ వచ్చాక అకౌంటెంట్లు ఉండరట కదా అని అడిగావు. 1979లో పర్సనల్ కంప్యూటర్ల మీద నడిచే విసికాల్క్ అనే మొదటి స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం వచ్చింది. అంతకుముందు ఒక్క అంకె మారితే పేజీ మొత్తం చేత్తో మళ్ళీ కూడుకోవాల్సిందే. ఆ కూడికల పని పోయింది. దాని బదులు "అమ్మకాలు పది శాతం పడితే మన పరిస్థితేంటి" లాంటి ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి అడగడం మొదలైంది, వాటికి జవాబులు చెప్పే మనుషులు కావాల్సొచ్చారు. ఈసారి కూడా బిల్లులు ఎక్కించే చిన్న ఉద్యోగాలు తగ్గుతాయి, ఆ మాట దాచను. కానీ 2001లో ఎన్రాన్ అనే అమెరికా ఇంధన కంపెనీ కుప్పకూలిందంటే అంకెలు కూడడం రాక కాదు. అప్పులు కనబడకుండా దాచిన లెక్కల్ని ఆపాల్సినవాళ్ళు ఆపలేదు. దాన్ని ఆడిట్ చేసిన ఆర్థర్ ఆండర్సన్ అంత పెద్ద సంస్థ అయ్యుండి కూడా నిలవలేకపోయింది. మరుసటి ఏడాది అమెరికాలో సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం వచ్చి, కంపెనీలో తప్పులూ మోసాలూ జరక్కుండా ఆపే కంట్రోల్స్ సరిగ్గా ఉన్నాయా లేదా అని చూసే పని పెరిగింది. ఈ లెక్క ఇలా ఎందుకుంది అని నిలబడి అడిగే మనిషి ఎప్పుడూ కావాలి.

ఇక ఫైనాన్స్. నీ ఫ్రెండ్స్ కళ్ళ ముందున్నది షేర్లు, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్. ఆ సీట్లు కొన్నే, పోటీ విపరీతం, మొదటి రెండుమూడేళ్ళు అర్ధరాత్రి దాకా స్లైడ్లూ ఎక్సెల్ మోడళ్ళతోనే గడుస్తాయి. ఇష్టమున్నవాళ్ళు వెళ్ళనీ, తప్పేం లేదు. కానీ ఫైనాన్స్ చదివినవాళ్ళలో చాలామంది చివరికి చేసేది వేరు. బ్యాంకులో అప్పు అడిగిన కంపెనీ మూడేళ్ళ లెక్కలు ముందేసుకుని వీళ్ళు తిరిగి కట్టగలరా అని నోట్ రాయడం, లేదా మామూలు కంపెనీలో కూర్చుని వచ్చే మూడు నెలల్లో డబ్బు ఎప్పుడొస్తుంది, ఎప్పుడు పోతుంది అని అంచనా కట్టడం. నన్నడిగితే ఈ సబ్జెక్టులో అసలు రుచి ఇక్కడే ఉంది. లాభాల్లో ఉన్న కంపెనీ కూడా మూతపడొచ్చు అమ్మలూ. సరుకంతా 90 రోజుల అప్పు మీద అమ్మేసింది, పుస్తకాల్లో లాభం కనిపిస్తోంది, కానీ జీతాలు ఈ నెలాఖరుకే ఇవ్వాలి, చేతిలో డబ్బు లేదు. దీన్ని ముందే పసిగట్టి మూడు నెలల ముందే బ్యాంకుతో మాట్లాడే మనిషి ఉంటే అంతమంది ఉద్యోగాలు నిలబడతాయి. ఇది చదివి నీకు ఆసక్తి పుడితే ఫైనాన్స్ తీసుకో, సంతోషంగా ఫీజు కడతాను. పెట్టుబడుల రంగంలో పేరున్న సీఎఫ్ఏ అర్హత సంగతి తర్వాత చూద్దాం, అది మూడు లెవెల్స్, ఏళ్ళ తరబడి సాగే చదువు, ఇప్పుడే బుర్ర పాడుచేసుకోకు.

మార్కెటింగ్ అంటే ప్రకటనలు అనుకుంటున్నావు. ప్రకటన అందులో నాలుగో వంతు కూడా కాదు. జెరోమ్ మెకార్తీ 1960లోనే వస్తువు, ధర, దొరికే చోటు, ప్రచారం అని నాలుగుగా విడదీశాడు, ఇప్పటికీ మొదటి క్లాసులో చెప్పేది అదే. ధర ఎంత పెట్టాలన్నది తేల్చడానికి స్టాటిస్టిక్స్ కావాలి, కొన్నవాళ్ళు ఎందుకు కొన్నారో, కొననివాళ్ళు ఎందుకు వద్దన్నారో తెలుసుకోడానికి రిసెర్చ్ కావాలి. లెక్కలు తప్పించుకోడానికి మార్కెటింగ్‌లో చేరినవాళ్ళు రెండో ఏడాదికే కంగారు పడడం చూశాను. ఇంకోమాట, దీంట్లో మొదటి ఉద్యోగం చాలాసార్లు సేల్స్‌లోనే దొరుకుతుంది.

హెచ్ఆర్ గురించి నాకు లోపలి సంగతులు పెద్దగా తెలియవు. మా ఆఫీసులో చూసినంతలో, మంచి హెచ్ఆర్ మనిషికి కార్మిక చట్టాలు నోటికొచ్చి ఉంటాయి, జీతాల లెక్క పక్కాగా ఉంటుంది. మనుషులంటే ఇష్టం అన్న ఒక్క కారణంతో చేరితే చాలదు, ఎందుకంటే ఒకరిని ఉద్యోగం నుంచి తీసేస్తున్నామని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాల్సింది కూడా వాళ్ళే.

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలనుకున్నది. ఆ రాత్రి 630 దొరికాక నువ్వు చప్పట్లు కొట్టి పడుకోలేదు. "ఇది ఎవరు టైప్ చేశారు? ఆ కాగితం వాళ్ళకి ఎక్కణ్ణుంచి వచ్చింది? కంప్యూటరే నేరుగా తీసుకోవచ్చు కదా?" అని వరసబెట్టి అడిగావు. పోయినేడాది మీ క్లాసు టూర్‌కి బస్సులు, గదులు, డబ్బులు అన్నీ నీ నెత్తినేసుకున్నప్పుడు కూడా అంతే, ఒక బస్సు ఆలస్యమైతే ఏం చేయాలో ముందే కాగితం మీద రాసి పెట్టుకున్నావు. ఆ పనికి యూనివర్సిటీలో ఒక పేరుంది, ఆపరేషన్స్ అండ్ సప్లై చైన్, అంటే సరుకు కొనడం నుంచి తయారుచేసి చేర్చడం దాకా ఆ గొలుసంతా నడిపించడం. దాన్ని ఆనుకునే, కంపెనీ సమాచారాన్ని కంప్యూటర్లతో నడిపించే ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ ఉంటుంది. నీ లిస్టులో ఈ రెండూ లేవు.

గోడౌన్‌లో పెట్టెలు లెక్కపెట్టడమే అనుకోకు. 1956లో ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 కంటైనర్లతో అమెరికాలో నూఆర్క్ నుంచి హ్యూస్టన్‌కి వెళ్ళింది. అప్పటిదాకా ఒక్కో మూటా విడిగా ఎత్తి దించేవాళ్ళు, ఆ తర్వాత ఓడరేవుల్లో పని తీరే మారిపోయింది, ఒక దేశంలో భాగాలు చేసి ఇంకో దేశంలో బిగించడం లాభసాటి అయింది. అదే గొలుసు ఎంత సున్నితమో 2021 మార్చిలో తెలిసింది, ఎవర్ గివెన్ ఓడ సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు కదల్లేదు, వెనక వందల ఓడలు ఆగిపోయాయి. ఈ రంగంలో ప్లానర్ రోజూ వేసే లెక్క చూడు. వారానికి 100 భాగాలు వాడతాం, ఆర్డర్ పెడితే ఆరు వారాలకి వస్తాయి, అంటే 600 మిగిలినప్పుడే ఆర్డర్ పెట్టాలి, ఆలస్యాలకి ఇంకొన్ని కలుపుకోవాలి. ఆ 'ఇంకొన్ని' ఎన్ని? ఎక్కువ పెడితే డబ్బు గోడౌన్‌లో ఇరుక్కుంటుంది, తక్కువ పెడితే లైన్ ఆగుతుంది. ఫైనాన్స్ వాళ్ళూ ఫ్యాక్టరీ వాళ్ళూ గట్టిగా వాదించుకునేది ఈ అంకె దగ్గరే, ఇద్దరి భాషా వచ్చినవాళ్ళకి చాలా విలువ. దీనికి తోడు డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష ఎస్‌క్యూఎల్, కంపెనీ మొత్తాన్ని నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ మీద కాస్త పట్టు వస్తే కొనుగోళ్ళు, లాజిస్టిక్స్, అనలిటిక్స్, కన్సల్టింగ్, ఎటైనా వెళ్ళొచ్చు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. ఇంటర్నేషనల్ బిజినెస్, ఎంట్రప్రెన్యూర్‌షిప్, జనరల్ మేనేజ్‌మెంట్ ఈ మూడూ రెండో మేజర్‌గా అయితే బాగుంటాయి, ఒక్కటే తీసుకుంటే మొదటి ఉద్యోగానికి ఇబ్బంది. ఇరవై రెండేళ్ళ పిల్లకి ఎవరూ వెంటనే మేనేజర్ కుర్చీ ఇవ్వరు, ముందు నీకేం చేయడం వచ్చు అని అడుగుతారు. యాక్చురియల్ సైన్స్, అంటే బీమా లాంటి వాటిలో నష్టం అవకాశాలు లెక్కగట్టే చదువు, మంచి రంగమే, కానీ అది పూర్తిగా గణితం.

మొదటి ఏడాది సబ్జెక్టులు ఏ మేజర్‌కైనా చాలావరకు ఒకటే కాబట్టి ఇప్పటిదాకా నువ్వు నష్టపోయిందేమీ లేదు. ఫారం ఇవ్వడానికి ఇంకా మూడు వారాలుంది కదా. ఈలోగా ఫైనాన్స్, ఆపరేషన్స్ రెండింట్లోనూ మూడో ఏడాది క్లాసు ఒక్కోటి వెనక బెంచీలో కూర్చుని విను, ప్రొఫెసర్‌ని అడిగితే కాదనరు. పని చేస్తున్న సీనియర్లు ఇద్దరిని పట్టుకుని జీతం అడక్కుండా, "పోయిన మంగళవారం పొద్దున్నుంచి ఏం చేశావు" అని అడుగు. అవన్నీ అయ్యాక కూడా ఫైనాన్సే అంటే నేను ఇంకొక్క మాట అనను. ఆదివారం ఫోన్ చెయ్యి, ఆ మంగళవారం సంగతులు నాకూ వినాలనుంది.

నాన్న